నాలుగడుగుల జాగా: ఖరగ్‌పూర్ సాయంత్రపు బజారు నేర్పే పాఠం

చైనా వెళ్లొచ్చినవాళ్లు తీసే వీడియోల్లో ఒక వీధి తప్పకుండా ఉంటుంది. ఆ వీధిలోకి కార్లు, స్కూటర్లు రావు. రెండు పక్కలా దుకాణాలు, వాటి ముందు ఆవిర్లు చిమ్మే తినుబండారాల బండ్లు, మధ్యలో తీరిగ్గా నడిచే జనం. షాంఘైలోని నాన్‌జింగ్ రోడ్డు తూర్పు భాగాన్ని 1999లో ఇలా నడిచేవాళ్లకే కేటాయించారు. షియాన్ నగరంలోని ముస్లిం వాడ తిండి వీధులకు పర్యాటకులు బారులు తీరతారు. ఇళ్లలో పిల్లలు ఆ వీడియోలు చూసి, “మన దగ్గర ఇలాంటివి లేవా?” అని అడుగుతుంటారు.

ఉన్నాయి. బోర్డులు మాత్రం లేవు. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో సాయంత్రం ఆరు దాటాక న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ నుంచి గోల్ బజార్ వైపు నడిస్తే ఆ సందడి మన భాషలోనే వినిపిస్తుంది. ఆ సందుల్లో స్కూటర్ కన్నా కాలినడకే వేగం. ఇక్కడ పనిచేసే బ్యాంకు అధికారిగా ఆ దారిని నేను చాలాసార్లు నడిచాను, మొదట తిండి కోసం, తర్వాత లెక్కల కోసం. మేనేజ్‌మెంట్ తరగతుల్లో చదివిన కొన్ని సూత్రాలు ఆ బండ్ల దగ్గర నాకు మరింత స్పష్టంగా అర్థమయ్యాయి. వాటిలో ముఖ్యమైనది ఒకటుంది. వీధి వ్యాపారికి అన్నిటికన్నా విలువైన ఆస్తి తను నిలబడే నాలుగడుగుల జాగా. ఆ ఆస్తి ఏ బ్యాలెన్స్ షీటులోనూ కనిపించదు. మనం అప్పు ఇచ్చేటప్పుడు, ఇవ్వనప్పుడు కూడా, తెలిసో తెలియకో ఆ జాగా గురించే నిర్ణయం తీసుకుంటున్నాం.

రైలు తెచ్చిన రుచులు

ఖరగ్‌పూర్ హౌరా నుంచి సుమారు 115 కిలోమీటర్లు. ఇక్కడి 1,072 మీటర్ల ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరు పొందింది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాన్ని దాటేశాయి. క్రికెట్ అభిమానులకు ఈ ఊరు ఇంకో రకంగా తెలుసు. మహేంద్రసింగ్ ధోని 2001 నుంచి 2003 దాకా ఈ స్టేషన్‌లో టికెట్ ఎగ్జామినర్‌గా పనిచేశాడు.

తెలుగువాళ్లు ఇక్కడికి రావడానికి కారణం రైలే. 1902లో ఈస్ట్ కోస్ట్ రైల్వే ఉత్తర భాగం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో కలిసింది. దాంతో వాల్తేరు నుంచి కలకత్తా దిశగా వెళ్లే లైను ఒకే కంపెనీ చేతికి వచ్చింది. మన పెద్దవాళ్లు ఇప్పటికీ ‘బి.ఎన్.ఆర్.’ అని పిలుచుకునేది ఆ కంపెనీనే. ఖరగ్‌పూర్‌లో దాని పెద్ద వర్క్‌షాపు ఉండటంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, గంజాం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే వచ్చి స్థిరపడ్డాయి. ఆ కార్మికుల కోసం 1928లో సమ్మె నడిపినవారిలో, తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి ముఖ్యులు. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాషల్లో చోటు ఇవ్వడం వెనుక ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల చిరకాల కోరిక ఉంది.

ఆ చరిత్రంతా సాయంత్రం బండ్ల మీద వేడివేడిగా దొరుకుతుంది. ఇడ్లీ, దోసె, వడ ఒక పక్క. ఝాల్‌మురి, ఘుగ్ని, ఫుచ్కా మరో పక్క. వాటి మధ్య పెద్ద మంట మీద మూకుడు ఎగరేస్తూ చౌమీన్ వండే కుర్రాడు. చైనా ఇక్కడికి విమానంలో రాలేదు. 18వ శతాబ్దం చివర నుంచి కలకత్తాలో స్థిరపడిన చైనీయుల వంటిళ్లలో మన మసాలాలు కలుపుకుని, అక్కడి నుంచి తోపుడు బండి ఎక్కి వచ్చింది. ఒక తెలుగు కుటుంబం నలుగురూ నాలుగు రకాలు తిని, ఇంటికి కూరగాయలు కొనుక్కుని వెళ్లే బజారు ఇది.

పోటీదారులు పక్కపక్కనే ఎందుకు?

కొత్తగా చూసేవారికి ఒక సందేహం వస్తుంది. ఇడ్లీ బండి పక్కనే ఇంకో ఇడ్లీ బండి ఎందుకు? ఒకరు ఆ చివరికి, ఇంకొకరు ఈ చివరికి పోతే ఇద్దరికీ మంచిది కదా?

హెరాల్డ్ హోటెలింగ్ అనే ఆర్థికవేత్త 1929లోనే దీని గురించి రాశాడు. తర్వాత పాఠ్యపుస్తకాలు ఆయన ఆలోచనను బీచ్‌లో ఐస్‌క్రీం బండ్ల కథగా చెప్పాయి. ఇద్దరు అమ్మేవాళ్లలో ఎవరు మధ్యకు జరిగితే వారికి ఎక్కువమంది దగ్గరవుతారు. అందుకని ఇద్దరూ జరుగుతూ జరుగుతూ చివరికి మధ్యలో భుజం భుజం కలిపి నిలబడతారు.

బజారులో దీనికి ఇంకో కారణం తోడవుతుంది. కోఠిలో పుస్తకాల దుకాణాలు, చార్మినార్ లాడ్ బజారులో గాజుల దుకాణాలు ఒకేచోట ఉండటం వల్ల ఎవరికీ నష్టం రాలేదు. ఎంపికకు వీలుందని తెలిస్తేనే జనం అంతదూరం వస్తారు. ఇరవై బండ్లు ఒకచోట ఉంటే ఇరవై మంది కొనుగోలుదారులు కాదు, రెండు వందల మంది వస్తారు. ప్రతి బండీ పక్క బండికి ఉచితంగా ప్రకటన ఇస్తున్నట్టే.

అందువల్ల ‘ఇక్కడి నుంచి తీసేసి, ఊరి చివర మంచి స్థలం ఇస్తాం’ అన్న మాట పైకి న్యాయంగా కనిపించినా, వ్యాపారికి తన దుకాణంలో సగం పోయినట్టే. స్థలాన్ని మార్చవచ్చు. అక్కడికి నడిచి వచ్చే జనం అలవాటును మూటగట్టి తీసుకుపోలేం.

ఇరవై నాలుగు గంటల పెట్టుబడి

న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్ల దారిలో ఇడ్లీలు అమ్మే ఒక పెద్దావిడతో నాకు పరిచయం ఉంది. ఆమె మామగారు సిక్కోలు వైపు నుంచి వచ్చి వర్క్‌షాపులో ఫిట్టరుగా చేశారు. ఆయన రిటైరయ్యాక క్వార్టరు పోయింది. కొడుక్కి రైల్వేలో ఉద్యోగం రాలేదు. బండి పుట్టింది అలా. రైల్వే టౌన్లలో ఈ కథ కొత్తదేమీ కాదు. మొదటి తరానికి నౌకరీ, మూడో తరానికి తోపుడు బండి.

ఆమె చెప్పిన లెక్క ఇది. బియ్యం, మినప్పప్పు, పల్లీలు, గ్యాస్, ఆకులు కలిపి రోజుకు 1,400 రూపాయలు. మంచి సాయంత్రం అమ్మకం 2,200. మిగిలేది 800. అందులోనే ఇంటి మనుషుల కూలీ. పొద్దున పెట్టిన డబ్బు రాత్రికి తిరిగి వస్తుంది, మళ్లీ పొద్దున పప్పులోకి పోతుంది. పెద్ద కంపెనీల్లో పెట్టుబడి తిరిగి చేతికి రావడానికి అరవై, తొంభై రోజులు పడితే సంతోషిస్తాం. ఇక్కడ ఒకటే రోజు. ఇంత వేగంగా తిరిగే డబ్బుకు బ్యాంకులే పోటీపడి అప్పు ఇవ్వాలి.

కానీ ఆమెకు అప్పు ఇచ్చేది డైలీ ఫైనాన్స్. 10,000 అప్పు అని రాసుకుని చేతికి 9,000 ఇస్తారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. “వెయ్యికి వెయ్యి వడ్డీ కాదు కదా, పది శాతమే” అనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం. మొదటి రోజు ఆమె చేతిలో 9,000 ఉన్నా, రోజూ కొంత తీరిపోతుంది కాబట్టి వంద రోజుల్లో సగటున ఆమె దగ్గర ఉండే అప్పు సుమారు 4,700 మాత్రమే. ఏడాదంతా ఈ చక్రం తిరిగితే మొత్తం 3,650 రూపాయలు వడ్డీ కిందికి పోతుంది. అంటే ఏడాదికి సుమారు 78 శాతం.

అదే బ్యాంకులో 15,000 రూపాయల అప్పు 12 శాతం వడ్డీకి, 12 నెలవారీ కిస్తీలకు అనుకుందాం. కిస్తీ 1,333 రూపాయలు. ఏడాది మొత్తం వడ్డీ సుమారు 993. అందులో 7 శాతం ప్రభుత్వ వడ్డీ రాయితీ వస్తే ఆమె భరించేది 400 పైచిలుకు మాత్రమే. రోజుకు 45 రూపాయలు పక్కన పెడితే కిస్తీ తీరిపోతుంది. పిల్లలకు చక్రవడ్డీ నేర్పించే తల్లిదండ్రులు ఈ రెండు లెక్కలూ పక్కపక్కన వేయించండి. పుస్తకంలోని లెక్క కన్నా బాగా గుర్తుంటుంది.

మరి తేడా ఇంత ఉంటే ఆమె బ్యాంకుకు ఎందుకు రాలేదు? అదే అడిగాను. పెనం మీద నుంచి చూపు తిప్పకుండానే చెప్పింది. “అప్పెవులైనా ఇస్తారు బాబూ. జాగా ఎవులిస్తారు? రేపు ఎత్తెయ్యమంటే మీ కిస్తీ నానెక్కడ నిలబడి కట్టాలి?”

రిస్క్ మేనేజ్‌మెంట్ మీద ఇంత సూటి ప్రశ్న నేను ఏ తరగతిలోనూ వినలేదు. ఫైనాన్స్ మనిషి రోజూ బండి దగ్గరికే వస్తాడు. బండి రెండు వీధులు జరిగితే అతను కూడా జరుగుతాడు. బ్యాంకు జరగదు. ఆ తేడాకే ఆమె 78 శాతం కడుతోంది.

చట్టం ఎక్కడ ఆగింది

వీధి వ్యాపారుల కోసం మన దేశంలో మంచి చట్టమే ఉంది. పార్లమెంటు 2014లో చేసిన వీధి విక్రయదారుల చట్టం ఆ ఏడాది మే 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ప్రతి పట్టణంలో విక్రయదారుల కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే, వారిలో మూడో వంతు మహిళలు ఉండాలి. జనాభాలో 2.5 శాతం వరకు వ్యాపారులకు చోటు చూపించాలి. సర్వే చేసి, ధ్రువపత్రం ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. తరలించాల్సి వస్తే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి.

అయితే ఆ చట్టం మొదటి సెక్షన్‌లోనే ఒక మినహాయింపు ఉంది. రైల్వే యాజమాన్యంలో ఉన్న భూమికి, ప్రాంగణాలకు, రైళ్లకు అది వర్తించదు. ఈ ఒక్క వాక్యం మిగతా ఊళ్లలో స్టేషన్ గేటు దగ్గర ఆగిపోతుంది. ఖరగ్‌పూర్‌లో అలా ఆగదు. ఇక్కడ క్వార్టర్లు, రోడ్లు, బజారు, మైదానం చాలా మేరకు రైల్వే భూమి మీదే ఉన్నాయి. న్యూ సెటిల్‌మెంట్‌లో ఇడ్లీ అమ్మే మనిషికీ, రోడ్డు దాటి పురపాలక సంఘం నేల మీద అదే ఇడ్లీ అమ్మే మనిషికీ మధ్య చట్టం ఒక గీత గీసింది. ఒకరికి రక్షణ ఉంది, ఇంకొకరికి లేదు.

రైల్వే వైపు న్యాయం లేదని కాదు. పట్టాల దగ్గర భద్రత ముఖ్యం. ఉద్యోగుల కాలనీలో అంబులెన్సు, ఫైరింజను పోవడానికి దారి ఉండాలి. ఒకసారి ఆక్రమణ మొదలైతే తొలగించడం ఎంత కష్టమో ప్రభుత్వ రంగంలో పనిచేసే మనకు తెలుసు. కానీ వందేళ్లకు పైగా ఒక కాలనీకి తిండి పెడుతున్న బజారును ప్లాట్‌ఫారం మీద అనుమతి లేకుండా అమ్మే సరుకుతో సమానంగా చూడలేం. లైసెన్సు రుసుము, నిర్ణీత వేళలు, గీతలు గీసిన జాగాలు ఉంటే రెండు పక్షాలకూ మేలే.

ఒకే రోజు, రెండు దేశాలు

2020 జూన్ 1న రెండు దేశాల్లో దాదాపు ఒకే మాట వినిపించింది. కరోనాతో కుదేలైన వీధి వ్యాపారుల కోసం మన కేంద్ర ప్రభుత్వం ఆ రోజు పి.ఎం. స్వనిధి పథకాన్ని ప్రారంభించింది. హామీ లేకుండా 10,000 రూపాయల నిర్వహణ పెట్టుబడి, సకాలంలో తీరిస్తే వడ్డీ రాయితీ, డిజిటల్ చెల్లింపులకు క్యాష్‌బ్యాక్. అదే రోజు చైనా ప్రధాని లీ కెకియాంగ్ యాంటై నగరంలో బండ్ల వ్యాపారుల మధ్య నిలబడి, వీధి దుకాణాలు ఉపాధికి ముఖ్యమైన ఆధారమని చెప్పారు. పశ్చిమాన ఒక నగరం 36,000 బండ్లకు చోటిస్తే రాత్రికి రాత్రే లక్ష మందికి పని దొరికిందని అంతకు కొద్దిరోజుల ముందే ఆయన విలేఖరులకు చెప్పారు.

మనం ముందు డబ్బు ఇచ్చాం. వాళ్లు ముందు జాగా ఇచ్చారు. నిజానికి వ్యాపారికి రెండూ కావాలి. జాగా లేని అప్పు భారం, పెట్టుబడి లేని జాగా ఖాళీ.

చైనాలోనూ ఆ జాగా శాశ్వతం కాదు. వారం తిరగకముందే బీజింగ్ నగర అధికార పత్రిక వీధి బండ్లు రాజధానికి తగవని రాసింది. 1984 నుంచి నడిచిన అక్కడి దోంగ్‌హువామెన్ రాత్రి బజారును 2016లోనే మూసేశారు. వీడియోల్లో మెరిసే వీధుల వెనుక ఈ కథ కూడా ఉంది. ఒక బజారును నిలబెట్టేవి దీపాలు, తోరణాలు కావు. రేపు కూడా ఇక్కడే ఉంటానన్న నమ్మకమే దాన్ని నిలబెడుతుంది.

బ్యాంకు చేయగలిగింది

జాగా ఇవ్వడం బ్యాంకు చేతిలో లేదు. ఆ అనిశ్చితిని లెక్కలోకి తీసుకుని అప్పు ఇవ్వడం మన చేతిలో ఉంది.

మొదటిది, తలుపు ఒకటే ఉందనుకోకూడదు. స్వనిధి గడువును 2030 మార్చి 31 వరకు పొడిగించారు. తొలి విడత 15,000, రెండో విడత 25,000, మూడో విడత 50,000. రెండో అప్పు తీర్చినవారికి యూపీఐతో ముడిపడిన రూపే క్రెడిట్ కార్డు కూడా ఇస్తారు. దీనికి పట్టణ స్థానిక సంస్థ ధ్రువపత్రమో, సిఫార్సు లేఖో కావాలి. రైల్వే భూమిలో నిలబడేవారికి చిక్కు మొదలయ్యేది ఆ కాగితం దగ్గరే. అక్కడ ఆగిపోకుండా ముద్ర శిశు విభాగం కింద 50,000 వరకు హామీ లేకుండా ఇచ్చే వీలును చూడాలి. 2023 జనవరిలో మొదలైన ఉద్యమ్ అసిస్ట్ పోర్టల్ అసంఘటిత చిరు వ్యాపారులకు నమోదు పత్రం ఇస్తుంది. తిండి బండ్లకు ఆహార భద్రత సంస్థ నమోదు ఎలాగూ కావాలి. ఈ రెండు కాగితాలూ జాగా మీద హక్కు ఇవ్వవు. కానీ “ఈమె వ్యాపారి” అని ఒక చోట రాసి పెడతాయి.

రెండోది, తాకట్టు బదులు నగదు ప్రవాహాన్ని చదవాలి. బండి మీద అతికించిన క్యూఆర్ కోడే ఇవాళ ఆమె లెక్కల పుస్తకం. ఏడాది స్టేట్‌మెంట్ తీస్తే దుర్గాపూజ రోజుల్లో అమ్మకం ఎంత పెరిగింది, వానాకాలంలో ఎంత తగ్గింది, ఎన్ని రోజులు బండి రాలేదు, అన్నీ అందులో ఉంటాయి. జరిగిన చోటికి జనం మళ్లీ వచ్చారో లేదో కూడా అందులోనే తెలుస్తుంది.

మూడోది, కిస్తీ ఆమె దినచర్యకు సరిపోవాలి. రోజుకు సంపాదించేవారిని నెలకోసారి పెద్ద మొత్తం అడిగితే కష్టం. సిండికేట్ బ్యాంకు 1928లోనే పిగ్మీ డిపాజిట్ పేరుతో ఇంటి ముంగిటకు వెళ్లి రోజుకు రెండు అణాలు వసూలు చేసింది. ఇవాళ బ్యాంకు మిత్ర అదే పని చేయగలడు. రోజుకు 45 రూపాయలు బండి దగ్గరే జమ అయితే నెలాఖరుకు కిస్తీ సిద్ధంగా ఉంటుంది. ఫైనాన్స్ మనిషి దగ్గర నేర్చుకోవాల్సింది అతని వడ్డీ కాదు, బండి దాకా నడిచే అలవాటు.

నాలుగోది, బీమా. ప్రమాద బీమాకు ఏడాదికి 20 రూపాయలు, యాభై ఏళ్ల లోపు వారికి జీవన జ్యోతి బీమాకు 436. రెండూ కలిపి రోజుకు రూపాయి పావలా. మరుగుతున్న నూనె పక్కన నిలబడి బతికే మనిషికి ఇది చిన్న విషయం కాదు.

ఇంట్లోవాళ్లు చేయగలిగింది

ఈ పత్రిక చదివే కుటుంబాలు ఏదో ఒక ఊళ్లో ఇలాంటి బజారుకు దగ్గరలోనే ఉంటాయి. ఈసారి పిల్లల్ని తీసుకుని వెళ్లినప్పుడు తినడంతో పాటు వారితో ఒక చిన్న అధ్యయనం చేయించండి. ఒకే రకం బండ్లు ఎన్ని, ఎక్కడ గుంపుగా ఉన్నాయి, ఏ గంటలో జనం ఎక్కువ, ఎన్ని బండ్లకు క్యూఆర్ కోడ్ ఉంది. అమ్మేవాళ్లను వీలున్నప్పుడు, తీరికగా ఉన్నప్పుడు అడగండి. పది బండ్ల లెక్క రాసేసరికి మీ అబ్బాయికో, అమ్మాయికో నిర్వహణ పెట్టుబడి అంటే ఏమిటో తెలిసిపోతుంది.

ఇంకొక చిన్న పని. ఆ ఇడ్లీ బండి దగ్గర 40 రూపాయలు చెల్లించేటప్పుడు చిల్లర ఉన్నా సరే, వారికి ఇబ్బంది లేకపోతే వారి వ్యాపారం పేరు మీదున్న కోడ్‌కే పంపండి. మనకు అది ఒక టిఫిన్. ఆమె ఖాతాలో అది ఒక పంక్తి అవుతుంది. అలాంటి పంక్తులు కొన్ని వేలు పోగైతే, కాళ్ల కింద జాగా తనది కాకపోయినా, తాను ఇన్నేళ్లుగా ఈ ఊరికి రోజూ తిండి పెట్టానని రుజువు చేసే కాగితం ఆమె చేతిలో ఉంటుంది. ఆ కాగితాన్ని గౌరవంగా చదివి, అప్పు మంజూరు చేయడం మన వంతు.